నల్ల బంతికి నూనె రాయరాదు

ఆదిలాబాద్ పట్టణంలో జిన్నింగ్ మిల్లు ఆవరణలో కాపురముంటున్న, కీర్తిశేషులు గంగనేని నర్సింగరావు గారి కుమారుడు విఠల్‌రావు అనే నేను, వయసు అరవై రెండు, తెలివి నా వశంలో ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతితోనే రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే వారం హైదరాబాదులో నా గుండెకు ఆపరేషన్. భయపడవలసిందేమీ లేదని డాక్టరు అన్నాడు. అడగకుండానే ఇంకోసారి అన్నాడు. అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది.

1. ఖానాపూర్ శివారు భూములు, జిన్నింగ్ మిల్లు, అందులోని యంత్రాలు నా కుమారుడు శ్రీధర్‌రావుకు చెందాలి. మిల్లును వాడు నాకంటే బాగా నడుపుతున్నాడు. ఈ మాట వాడి ముఖం మీద ఎప్పుడూ అనలేదు. అంటే వెంటనే వెనక షెడ్డు కూడా అడుగుతాడు.

2. ఇల్లు, ఇంట్లోని బంగారం నా భార్య రుక్మాబాయికి. ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లాలి. ఇప్పుడు చెల్లుతున్నదీ అదే కనుక కొత్తగా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

3. మిల్లు వెనక పొడవు షెడ్డు, అందులో పరిచిన టేకు పలకల బాట, చెక్క పిన్నులు, ఆసిఫాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న నా కూతురు ప్రమోదినికి చెందాలి. రేపు ఈ కాగితం చదివే వకీలుకు అర్థం కావాలి కాబట్టి చెబుతున్నాను: ఇది బౌలింగ్ అనే ఆట. బాట చివర ముక్కోణంగా సీసాల్లాంటి పది పిన్నులు నిలబెడతారు. బరువైన బంతిని దొర్లించి వాటిని ఒక్క దెబ్బకు పడగొట్టాలి. బొంబాయిలో మూతపడుతున్న ఒక క్లబ్బు నుంచి 1971లో ఈ సామాను తెచ్చాను. ఊరంతా నవ్వింది, తర్వాత ఊరంతా వచ్చి ఆడింది.

"బాపూ, గా షెడ్డుల ఎంత పత్తి పడ్తదో ఎరుకేనా? గీ కట్టె సీసాలకు గంత జాగెందుకు?" అని శ్రీధర్ ప్రతి సీజనులో అడుగుతాడు. జవాబు ఇక్కడ రాసిస్తున్నాను. ఆ షెడ్డులో పత్తి బోరాలు పెట్టరాదు. ఒక్కటి కూడా పెట్టరాదు. తలుపు సందుల్లోంచి ఎగిరివచ్చే దూది బాట మీది నూనెకు అంటుకుంటేనే నా ప్రాణం పోతోంది.

4. ఇక బంతులు. అవి మూడు. నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నవి ఇవే. బాట మొదటి భాగానికి పల్చగా నూనె రాస్తాం, చివరి భాగం పొడిగా వదిలేస్తాం. బంతి మరీ నున్నగా ఉంటే జారిపోతూనే ఉంటుంది, తిరగవలసిన చోట తిరగదు. మరీ గరుకుగా ఉంటే ముందే తిరిగేసి, పిన్నుల దగ్గరికి చేరేసరికి అలిసిపోతుంది. ఎటు తప్పినా తొమ్మిది పడి, కుడి మూల పిన్ను ఒక్కటి నిలబడి నన్ను చూస్తుంది. నల్ల బంతిని మాత్రం సన్నని గరుకు కాగితంతో తడిపి రుద్ది రుద్ది సరైన మట్టానికి తెచ్చాను. అది ముందు జారుతుంది, పొడి చోట పట్టు దొరకబుచ్చుకుంటుంది, ఏటవాలుగా వచ్చి మొదటి పిన్నుకూ దాని కుడి పక్కదానికీ మధ్య దూరుతుంది. అప్పుడు మూల పిన్ను కూడా పడుతుంది.

ఇంత చేస్తే, దసరాకు రుక్మాబాయి మిల్లు యంత్రాలతో పాటు బంతులనూ కడిగి, కొబ్బరినూనె పట్టించి, పసుపు కుంకుమలు పెడుతుంది. నిరుడు పూజైన సాయంత్రం నా మిత్రుడు మక్బూల్‌తో ఆట పెట్టుకున్నాను. నల్ల బంతి నిగనిగలాడుతూ సూటిగా పోయి బాట పక్క గాడిలో పడింది. "భాయ్, బంతికి పెండ్లికళ వచ్చింది. పిన్నులు దండం పెడ్తయి గని పడయి" అన్నాడు మక్బూల్. ఇంటికి వచ్చి రుక్మాబాయి మీద కేకలు వేస్తే, "మీ పాణం మంచిగుండాలనే గద మొక్కిన, గదీ తప్పేనా?" అంది. నేను సబ్బు తీసుకుని బంతి కడగడానికి పోయాను.

ఈ దసరాకు నేను ఆసుపత్రిలో ఉంటాను, నల్ల బంతి ఇంట్లో ఉంటుంది. రెండింటిలో నాకు రెండోదే ఎక్కువ బెంగగా ఉంది. కాబట్టి ఎర్ర బంతిని రుక్మాబాయికి రాసి ఇస్తున్నాను. దానికి ఎంత నూనె అయినా రాయవచ్చు, ఎన్ని బొట్లైనా పెట్టవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరాదు. నల్ల బంతి దగ్గరికి మాత్రం నూనె గిన్నె రానివ్వరాదు.

5. బూడిదరంగు బంతి, లేత్ షాపు మక్బూల్‌కు. బంతిని పట్టుకోవడానికి మూడు వేళ్ల రంధ్రాలు వేస్తారు; దాని లోపల ఒక పక్క బరువు ఎక్కువ ఉంటుంది. బొటనవేలి రంధ్రం ఆ వైపు జరిగితే బంతి తొందరగా దొర్లుతుంది. తక్కిన రెండు వేళ్ల రంధ్రాలు జరిగితే దూరం జారి, ఆలస్యంగా తిరుగుతుంది. బరువు వేళ్ల వైపు వచ్చేట్టు రంధ్రాలు వేయమన్నాను, ఆయన మొండికేసి బొటనవేలి వైపు వచ్చేట్టు వేశాడు. ఆ బంతి సగం దారిలోనే నీరుగారిపోతుంది. ఒక వానకాలమంతా మేం మాట్లాడుకోలేదు. తన పనితనం తనే అనుభవించాలని దాన్ని ఆయనకే ఇస్తున్నాను. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆయనదే. అంత నమ్మకమైన మనిషి నాకు ఇంకొకరు లేరు.

6. నల్ల బంతి. ప్రమోదిని సెలవులకు వచ్చినప్పుడు దానితోనే ఆడుతుంది. దాని రంధ్రాలు నా వేళ్లకు వేసినవి. ఆమె బొటనవేలు అందులో వదులు. బంతి జారకుండా బిగించి పట్టుకుంటుంది, అందుకే చెయ్యి సాఫీగా తిరగదు, మూల పిన్ను పడదు. "బాపూ, గా పిన్ను నా మీద పగబట్టింది" అని నవ్వింది. ఆమె వేలికి చుట్టుకున్న ప్లాస్టరు చూశాక నాకు నవ్వు రాలేదు.

పోయిన నెల ఉంగరాలు చేయిస్తానని చెప్పి ఆమె వేళ్ల ఆది తీసుకున్నాను. బొటనవేలికి ఉంగరమేమిటని అడిగింది. కొత్త ఫ్యాషన్ అన్నాను. నమ్మలేదు.

ఆ బంతి నా తదనంతరం ఆమెకు చెందాలని మొదట రాసి కొట్టేశాను. నేను పోయాక రంధ్రాలు ఎవరు మార్పిస్తారు? తర్వాత చూద్దామంటారు. ఆలోగా దసరా వస్తుంది. అందుకే ఈ ఉదయం బంతిని మక్బూల్ దగ్గరికి తీసుకుపోయాను. నా రంధ్రాలు పూడ్చి, ఆమె ఆది ప్రకారం, బరువు వేళ్ల వైపు వచ్చేట్టు కొత్తవి వేశాడు. ఈసారి వాదించలేదు. నా వేళ్లు పెట్టి చూశాను, మొదటి కణుపు దాటి పోలేదు.

కనుక ఆ బంతి ఇక నాది కాదు. దాన్ని ఎవరికీ రాసిచ్చే హక్కు నాకు లేదు. నేను ప్రాణాలతో తిరిగివస్తే ఆడుకోవడానికి రుక్మాబాయిని ఎర్ర బంతి అడుక్కుంటాను, బొట్లతో సహా.

నిన్న మంగళవారమని రుక్మాబాయి సంతకం చేయనివ్వలేదు. అందువల్ల ఈరోజు, 1988 అక్టోబరు 12, బుధవారం, ఆదిలాబాద్‌లో సంతకం చేస్తున్నాను. చదువుకున్నవాణ్ణే అయినా కుడి బొటనవేలి ముద్ర కూడా వేస్తున్నాను. ఆ వేలికి బంతిలో చోటు పోయింది, ఇక్కడైనా ఉండనీ.

గంగనేని విఠల్‌రావు
(సంతకం, వేలిముద్ర)

సాక్షులు:
వాహెద్, పత్తి వ్యాపారి
రాయమల్లు, మిల్లు మేస్త్రీ