ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె

కామాటిపుర, పదకొండో గల్లీ
జూలై 1989

సౌభాగ్యవతి మల్లమ్మకు దుర్గయ్య దీవించి రాయునది. ఇక్కడ నేనూ మన రత్నా దేవుడి దయవల్ల బాగానే ఉన్నాము. మీ అమ్మ మోకాలు ఎలా ఉంది? నువ్వు చెప్పినట్టే కిటికీకి తాడ్‌పత్రి పట్టా కట్టించాను. వాన జల్లు పక్కల మీదకు రావడం లేదు. ఒళ్లు బాగానే ఉంది. మనసుకే రోత పుట్టి అన్నం సయించడం లేదు.

మన పిల్ల ఆఫీసులో టైపు కొడుతుందా అని ఊళ్లో అడుగుతున్నారని రాశావు. టైపు కాదు. కంప్యూటర్లో లెక్కల కొట్టు ఒకటి ఉంటుంది, డేటాబేస్ అంటారు. అందులోంచి కావలసింది తెచ్చిపెట్టేవి రెండు. ఒకటి ఫంక్షన్. ఇరానీ హోటల్లో చాయ్ అడిగితే గ్లాసు చేతికిచ్చినట్టు, అడిగినదానికి ఒకే జవాబు చేతిలో పెడుతుంది. రెండోది ప్రొసీజర్. దానికి మన గిన్నెలు మనమే పట్టాలి, ఎన్నయినా పట్టవచ్చు. వాటినే ఔట్‌పుట్ పారామీటర్లు అంటారట. నింపి ఇస్తానని ప్రొసీజర్‌లో రాసి ఉంటే చాలదు, దాన్ని పనికి పిలిచేవాడూ నింపమని అక్కడ రాయాలి. శాస్త్రంలో దానం కూడా అంతే కదా. ఇస్తున్నానని దాత అంటే సరిపోదు; పుచ్చుకుంటున్నానని ఎదుటివాడు అంటేనే అది చెల్లుతుంది.

ఒక ఆసుపత్రి రక్తనిధికి రత్న అలాంటి ప్రొసీజర్ రాసింది. రక్తం రకం చెబితే సీసాలెన్ని ఉన్నాయో ఒక గిన్నెలో, గడువు దాటబోయేవెన్నో ఇంకో గిన్నెలో రావాలి. పిలిచేచోట ఔట్‌పుట్ అన్న మాట రాయడం మరిచింది. ఆసుపత్రివాళ్ల ముందు నడిపితే రెండు గిన్నెలూ ఖాళీ! ప్రొసీజర్ మాత్రం అంతా సవ్యమన్న గుర్తుగా సున్న చూపించి ఊరుకుంది. ఖాళీ గిన్నె చేతికిచ్చి సవ్యమనే బుద్ధి దానికి మనుషులే నేర్పి ఉంటారు, ఛీ!

"కామాటిపుర పోరికి ఇంతకన్న ఏమొస్తది" అన్నాడట పై అధికారి, అందరి ముందూ. ఈ బొంబాయి గోడలు లేపింది మన తాతలు. ఆ గోడల నీడన కూర్చుని, పక్క గల్లీల్లో సానికొంపలున్నాయని మన గల్లీ పేరు వింటేనే ముక్కు మూసుకుంటారు. థూ!

తప్పెక్కడుందో రత్న తానే పట్టుకుంది. చెప్పబోతే ఆ అధికారి గదిలోకి పిలిచి, "మిషిన్ ఖరాబైందని చెప్పు, నౌకరి ఉంటది. ప్రోగ్రాం తప్పన్నవంటే మల్ల రాకు" అన్నాడట.

ఇక రాయడానికి చెయ్యి రాని మాట రాస్తున్నాను. అబద్ధమాడే నోరు మన గల్లీ గటర్ కంటే కంపు అని ఆదివారం ఆదివారం మన చాల్ గ్యాలరీలో ఇరుగుపొరుగుకు శాస్త్రం చెబుతూ గొంతు చించుకునేవాణ్ణి కదా! పిల్ల వచ్చి అడిగితే ఏమన్నానో తెలుసా?

"చెప్పెయ్ బిడ్డా. మిషిన్‌కు మానమా, మర్యాదనా? దాని మీదికి తోసెయ్."

"గిదే ప్రోగ్రాం ఇంకో దవాఖానల పెట్టిన్రు నాయినా. మిషిన్ తప్పంటే ఆడ ఎవలు దిద్దుతరు? రక్తం ఉండంగనే లేదని రోగిని ఎల్లగొడ్తరు."

"నౌకరి పోతది గదనే! ఆపద్ధర్మమని శాస్త్రంలనే ఉన్నది."

"నీ శాస్త్రం పక్కింటి గంగవ్వకేనా? మన ఇంట్ల చెల్లదా?"

శాస్త్రం నా నోట్లోనే అలా కుళ్లింది, మల్లమ్మా. ఆ అధికారిని చూసి పుట్టిన రోత కంటే నన్ను నేను చూసుకుంటే పుట్టిన రోత ఎక్కువ.

పోయిన సోమవారం రత్న రెండు ఆసుపత్రులకూ పోయి తప్పు తనదేనని చెప్పింది. రెండో చోట దగ్గరుండి దిద్దించింది. సాయంత్రానికి నౌకరి పోయింది.

నిన్న ఆదివారం గ్యాలరీలో ఎప్పటిలాగే జనం చేరారు. పిల్లకు నేనేం నూరిపోశానో ఉన్నదున్నట్టు వాళ్లకు చెప్పాను. గంగవ్వ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ప్రతి వారం ముందు వరసలో కూర్చునే బక్కయ్య, "మహరాజ్, ఇంగ మాకేం చెప్తవ్?" అని నవ్వాడు. ఎప్పుడూ నా ప్రవచనం సగంలోనే నీళ్లకని బిందె పట్టుకుని లేచే రత్న మాత్రం, గోడకానుకుని చివరిదాకా విన్నది.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధపడి ఉన్న పెనిమిటి,
దుర్గయ్య