బిడ్డ కారు, తండ్రి గుండె

మహేశ్వరంలో ఉన్న అనంతమ్మ అక్కకు శంషాబాద్ నుంచి తమ్ముడు దండం పెట్టి రాసేది.

అక్కా, నీ మేనకోడలు శిరీష కారు కొన్నది! ఎయిర్‌పోర్టు కిరాయిలకు తానే నడుపుతుంది. నా బిడ్డ! తెల్లటి కారు! మొన్న మిట్టమధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని శంషాబాద్ అంతా తిప్పింది. లోపల ఏసీ, వణుకు పుట్టేంత చల్లన. తెలిసినవాళ్లు కనిపించిన చోటల్లా ఆపించాను. ఎండలోకి దిగి, "నా బిడ్డదే" అని చెప్పి, మళ్లీ ఆ చలిలోకి ఎక్కాను. బస్టాండు చేరేసరికి చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. గుండెలో నొప్పి మాత్రం లేదు.

శిరీష అటునుంచి అటే దవాఖానకు తీసుకుపోతే, డాక్టరమ్మ పరీక్ష చేసి, గుండె బాగానే ఉందన్నది. కానీ గట్టిగా కోప్పడింది.

"ఎండల నుంచి ఏసీలకు, ఏసీల నుంచి ఎండలకు గిట్ల మాటిమాటికి మారితే గుండె మీద భారం పడతది, పెద్దాయనా. షుగర్ ఉన్నోళ్లకు ఒక్కోసారి గుండె నొప్పి గూడ తెల్వదు."

శిరీష ఊరుకుంటుందా?

"బాపూ, ఇగ నువ్వు దిగుడు బంద్! చెప్పుడు బంద్!"

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే మీ ఊరికి వస్తున్నాం. నీకూ షుగరే కదా, అందుకని ఏసీ పెట్టకుండా అద్దాలు దించి మనిద్దరినీ తిప్పుతుందట. నువ్వు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొని కిటికీ పక్కన కూర్చో. ఎవరు కనిపించినా దిగకుండానే గట్టిగా చెప్పు, "నా మేనకోడలిదే" అని. చెప్పొద్దన్నది నన్నే కదా, నిన్ను కాదు.

నీ తమ్ముడు