గడప లేని గుమ్మం

అక్కా,

నువ్వెళ్ళి ఏడాదైంది. మన గూడెంలో కొత్త ఇళ్ళు కడుతున్నారు. ఇకమీదట ప్రతి ఇంటికీ ర్యాంపు, చక్రాల కుర్చీ పట్టేంత తలుపు ఉండి తీరాలట. కాళ్ళు బాగున్నవాళ్ళ ఇంటికి కూడానట. నువ్వుంటే "బేగినే, ఇంత తొందరగానే తెలిసింది వీళ్ళకి" అని నవ్వేదానివి.

మనింటికి మేస్త్రి ర్యాంపు నున్నగా పోశాడు. పోసి, దాని చివర గుమ్మంలో జానెడెత్తు గడప నిలబెట్టాడు! తీసెయ్యమంటే నోరు తెరిచాడు.

"గడప లేకుండా ఇల్లేటమ్మా? పసుపెక్కడ రాత్తారు?"

నాకు ఒళ్ళు మండింది. "మా అక్క కాళ్ళు చచ్చుబడి, బతికినన్నాళ్ళూ గడప పాకి దాటింది. పగలగొట్టు."

"ఇప్పుడావిడ లేదు కదమ్మా," అన్నాడు మెల్లగా.

అమ్మే లేచి, సుత్తి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

గడప పోయిన చోట, మన కొండ పసుపే నూరి, నేల మీద గీత గీసింది అమ్మ. పాతింట్లో గడపకి పసుపు రాసేది నువ్వే, పాకుతూ దాన్ని చెరిపేసేదీ నువ్వే. నీ చీరకి మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ పసుపు మరకే.

మేమంతా ఆ గీత తొక్కకుండా దాటుతున్నాం. శుక్రవారం గీసింది, ఇవాళ్టికీ చెదరలేదు.