రెండు సైజులు పెద్ద బూట్లు

2025 ఫిబ్రవరి 22, శనివారం. పగలు పదకొండు.

నా పేరు గద్దల దీనమ్మ. వయసు డెబ్బై నాలుగు. సొంతూరు తెనాలి. ఇప్పుడు ఉండేది శాంటా క్లారాలో, అల్లుడు గారింట్లో. ఇంట్లో నలుగురం. నా కూతురు అనురాధ, అల్లుడు హర్షవర్ధన్ గారు, వాళ్ల కూతురు దియ, నేను. దియకి పన్నెండేళ్లు. మా ఆయన చెప్పులు కుట్టేవాడు. ముప్పయ్యేళ్లు ఆయన పక్కన కూర్చుని కొలతలు తీసింది నేను.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే రాస్తున్నది నళిని టీచరు. మా అపార్ట్‌మెంట్ పార్కులో రోజూ కనిపించే మనిషి. తిరుపతిలో తెలుగు చెప్పి రిటైరైంది. ఆమెకి ఒకటే షరతు పెట్టాను. భాష దిద్దుకో, కోపం దిద్దకు అని. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. ఈ వయసులో ఏదీ గుర్తుండదు. గుర్తు లేకపోతే కోపం చల్లారిపోతుంది. చల్లారకూడదు.

సంగతి ఇది. ఇక్కడ బళ్లకి ఫిబ్రవరిలో స్కీ వీక్ అని సెలవులిస్తారు. మొన్న మంగళవారం తాహో కొండల్లో, కాళ్లకి స్కీలని పొడుగు పలకలు కట్టుకుని మంచు మీద జారుతూ, మా దియ పడింది. ఎడమ కాలి ఎముక విరిగింది. మోకాలి దాకా కట్టు. ఆరు వారాలన్నాడు డాక్టరు.

ఎముక అతుక్కుంటుంది. నా కోపం దాని మీద కాదు. నాకు చేతకాలేదు కాబట్టే పడ్డానని పిల్ల అనుకుంటోంది. ఫ్రెండ్స్ ఎవరూ పడలేదు అమ్మమ్మా, ఓన్లీ మీ, అంది. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ వాళ్ల నాన్న అదే చెప్తున్నారు. మా దియ అంత స్పోర్టీ కాదు రోహన్, ఇన్‌స్ట్రక్టర్ మాట వినలేదు, చెస్‌లో వేసేస్తాం, అని నవ్వుతున్నారు. అది అదే సోఫాలో కూర్చుని వింటోంది. దాని స్కీ టోపీ చెత్తబుట్టలో కనిపించింది నాకు.

తప్పు దానిది కాదు. బూట్లది. ఆ బూట్లు దాని కాళ్లకి తొడిగినవాడు దాని ఎదురుగా నిలబడి, తప్పు నాదమ్మా అని చెప్పాలి. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు. అంతకన్నా తక్కువకి ఒప్పుకోను.

ఫిబ్రవరి 24, సోమవారం

బూట్లదే తప్పని నీకెలా తెలుసు దీనమ్మా అంది నళిని. చెప్తాను, రాసుకో.

జనవరిలో ఒక ఆదివారం. అనురాధకి ఇంట్లో పని ఉండి రాలేదు. అల్లుడు గారు, దియ, నేను శాన్ హోసేలో ఒక స్కీ షాపుకి వెళ్లాం. స్కీ బూటంటే పైన గట్టి ప్లాస్టిక్ డొప్ప. లోపల ఊడొచ్చే మెత్తటి జోడు. ముందు నాలుగు కొక్కేలు. పిల్ల తొడుక్కుని రెండడుగులు వేసింది. నడక చూడగానే నాకు తెలిసిపోయింది. నేల మీద కూర్చున్నాను. లోపలి జోడు బయటికి లాగాను. ఉత్త డొప్పలో పాదం పెట్టించి, కాలివేళ్లు ముందుకి ఆనించమని సైగ చేశాను. మడమ వెనక చెయ్యి దూర్చాను. రెండు వేళ్లు పట్టాల్సిన చోట నాలుగు పట్టాయి.

అల్లుడు గారూ, ఇది వదులు, పాదం లోపల ఈదుతోంది అన్నాను. ఆయన చెవిలో ఫోన్ ఉంది, దియ చెవుల్లో పాటలు. అత్తయ్యా లేవండి, ప్లీజ్, అందరూ చూస్తున్నారు, అన్నారు. నేను ఒకరి కాళ్ల దగ్గర కూర్చుని కొలత చూడటం ఆయనకి సిగ్గు. ఈయన సొంత తాతా చెప్పులు కుట్టినవాడే. ఆ మాట ఆయన ఫ్రెండ్స్‌లో ఒక్కరికీ తెలియదు.

షాపులో ఎర్ర గడ్డం వాడు ఒకడున్నాడు. నన్ను చూపించి ఇంగ్లిష్‌లో ఏదో అన్నాడు. అల్లుడు గారు నవ్వారు. వాడూ నవ్వాడు. తర్వాత పలక లాంటిది నా ముందు పెట్టి సంతకం కింద వేలితో గియ్యమన్నాడు. అల్లుడు గారు కాల్‌లోనే ఉండి, గీసెయ్యండి అత్తయ్యా, ఫార్మాలిటీ, అని చేత్తో సైగ చేశారు. గీశాను.

లేచి నిలబడ్డాను. నోరు మూసుకున్నాను. అది నా తప్పు. అదీ రాయి.

ఫిబ్రవరి 26, బుధవారం

అల్లుడు గారు బూట్లు రిటర్న్ ఇవ్వడానికి వెళ్లారు.

ఈ ఇంట్లో ఏ వస్తువుకీ ట్యాగ్ కొయ్యరు. వాడుకున్నన్నాళ్లు లోపలికి మడిచి పెడతారు. తర్వాత వెనక్కి ఇచ్చేస్తారు. సూట్‌కేసూ అంతే, పుట్టినరోజు ఫ్రాకూ అంతే. ఈయన ఫ్రెండ్స్ అందరిళ్లలోనూ ఇదే పద్ధతట. పొద్దున డైనింగ్ టేబుల్ మీద బూట్లు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచారు. ట్యాగ్ బయటికి లాగి చేత్తో సాపు చేశారు. పక్క కుర్చీలో కట్టు చాపుకుని పిల్ల చూస్తోంది.

మధ్యాహ్నం అవే బూట్లతో తిరిగొచ్చారు. వాడినట్టు గీతలున్నాయి, వెనక్కి తీసుకోం అన్నారట. ఇంకోటి కూడా చెప్పారు. పెద్ద సైజు కావాలని మీరే అడిగినట్టు వాళ్ల కాగితంలో ఉంది అత్తయ్యా, కింద మీ గీతే ఉంది, నేనేం చెయ్యను, అన్నారు.

నేను అడిగానా? నేల మీద కూర్చుని వద్దని మొత్తుకున్న మనిషిని, నేను అడిగానా?

అనురాధ నా వైపు చూసింది. పోనీలే అమ్మా, నీకు తెలియక గీశావు, అంది. దియ తల తిప్పుకుంది. ఇప్పటిదాకా అది తనని తానే తిట్టుకుంది. ఇప్పుడు నన్ను కూడా కలిపింది.

చదువు రానిదాని గీత మీద అబద్ధం రాశాడు ఎర్ర గడ్డం వాడు. వాణ్ని వదలను.

ఫిబ్రవరి 27

వాడి చెయ్యి పడిపోను. నళిని రాయనంది. రాయించాను.

మార్చి 4, మంగళవారం. సాయంత్రం నాలుగు.

ముగ్గురం బస్సెక్కి ఆ షాపుకి వెళ్లొచ్చాం. నేను, నళిని, ఆమె భర్త శ్యామ్‌సుందర్ గారు. ఆయన రైల్వేలో టీటీఈగా చేశారు. ముప్పై ఏండ్లు టికెట్ లేనోళ్లతో ఇంగ్లిష్‌లో కొట్లాడినాను, ఈ గడ్డమోడొక లెక్కా అమ్మా, అని బస్సులో రెండుసార్లన్నారు. బూట్లు సంచిలో వేసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. చిన్నపిల్లంత బరువు.

ఎర్ర గడ్డం వాడు నన్ను చూడగానే నవ్వాడు. మళ్లీ నవ్వుతున్నాడు చూశారా, అడగండి, అన్నాను. శ్యామ్‌సుందర్ గారు గట్టిగానే మొదలుపెట్టారు. వాడు మధ్యలో ఆపలేదు. అంతా విని, లోపలికి వెళ్లి కాగితం తెచ్చాడు. నళిని చదివింది. చదివి నా వైపు చూడలేదు. మళ్లీ చదువు, తెలుగులో, పైకి, అన్నాను.

పాదం కొలత ఇరవై మూడు సెంటీమీటర్లు. ఇరవై మూడు సైజు చూపించాము. తండ్రి కోరిక మీద ఇరవై అయిదు ఇచ్చాము. వద్దని చెప్పాము. అంతే ఉంది. కింద నా గీత. అమ్మమ్మ అన్న మాటే ఎక్కడా లేదు.

వాడికి ఆ రోజు బాగా గుర్తుందట. ఇరవై మూడు చక్కగా సరిపోయిందట. నిలబడితే కాలివేళ్లు ముందు భాగానికి తగలాలట, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలట, మడమ లేవకూడదట. అన్నీ కుదిరాయట. అప్పుడు వాళ్ల నాన్న చెవిలోంచి ఫోన్ తియ్యకుండానే, పెద్దది తీసుకురా, మూడు చలికాలాలు రావాలి, ఎదిగే పిల్ల, రెండేసి సాక్సు వేస్తే సరిపోతుంది, అన్నాడట. నేను దియకి నీళ్లు తేవడానికి పోయినప్పుడు ఈ మాటలు అయ్యాయి. పిల్ల పాటలు వింటూ ఉంది. నేనొచ్చేసరికి పెద్ద బూటు కాలికి ఉంది. వదులు బూటులో పాదం ఒకవైపు తిరిగితే స్కీ ఇంకోవైపు పోతుంది, ఎంత నేర్చినవాళ్లైనా ఆపలేరు, అని వాడు రెండుసార్లు చెప్పాడట.

మరి నన్ను చూసి ఎందుకు నవ్వారో అడగండి అన్నాను. అడిగారు. ఈ పెద్దావిడ చెప్పేది రైట్, వినండి, ఈమె ఒప్పుకుంటే రేపే మా షాపులో ఉద్యోగం ఇస్తాను, అన్నాడట. దానికి మా అల్లుడు నవ్వాడు.

వారం రోజులు ఆ పిల్లాడికి శాపాలు పెట్టాను. ఆ షాపులో నా పక్షాన మాట్లాడింది వాడొక్కడు. సంతకం మాత్రం తండ్రి చేతే పెట్టించాల్సింది, ఆయన ఫోన్ వదల్లేదు, అది నా పొరపాటు అమ్మా, అని తలవంచాడు. ఎదిగే పాదానికి బూట్లు కొననే కూడదట. కట్టు విప్పాక పిల్లని తీసుకురమ్మన్నాడు, సీజన్‌కి అద్దెకిస్తారట, కొలత తనే చూస్తాడట. నన్ను కూడా చూడమన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో బూట్ల సంచి శ్యామ్‌సుందర్ గారే ఒళ్లో పెట్టుకున్నారు.

నళిని అడిగింది, అల్లుడి పేరు పక్కన గారు ఉంచనా తీసెయ్యనా అని. మొహం మీద గారూ అనే పిలుస్తాను, అత్తగారిని కదా. ఇక్కడ తీసెయ్.

మార్చి 5

చారులో ఉప్పు వెయ్యలేదు. అతను అడగలేదు.

మార్చి 8, శనివారం

అనురాధకి చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. కాగితం ఫోటో శ్యామ్‌సుందర్ గారి ఫోన్ నుంచి దానికి పంపించాను. చదివింది. మడత ఆపలేదు. హర్షకి ఇప్పుడు ఆఫీస్‌లో టెన్షన్‌గా ఉందమ్మా, వీసా రెన్యువల్ కూడా ఉంది, టైమ్ చూసి నేను మాట్లాడతాను, అంది.

పిల్ల రోజూ తనని తాను తిట్టుకోవడానికి టైమ్ చూసుకోవడం లేదు కదే, అన్నాను.

నువ్వేం చెయ్యకమ్మా, నీకు దండం పెడతా, అంది. నేనేం చేస్తానే, అత్తగారు అల్లుణ్ని ఒక మాట అనగలదా, అన్నాను. నా కూతురు నా మొహంలోకి చూసింది. నన్ను ఎరిగిందే కాబట్టి భయపడింది.

మార్చి 11, మంగళవారం. పొద్దున పది.

మంగళవారం అతను ఆఫీస్‌కి వెళ్తాడు. తొమ్మిదింటికి పెద్దవాళ్లతో మీటింగ్.

అతని అయిదు జతల బూట్లూ, స్లిప్పర్లూ, జిమ్‌కి వేసుకునేవీ, అన్నీ ఇండియా నుంచి తెచ్చుకున్న నా సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. తాళం చెవి బొడ్లో దోపుకున్నాను. గుమ్మం దగ్గర ఒకే జత పెట్టాను. నల్లవి, తోలువి, పాతబట్టల షాపులో శ్యామ్‌సుందర్ గారు కొనిపెట్టారు. అతని సైజు తొమ్మిది. ఇవి పదకొండు. ఒక్కో బూటులో రెండేసి సాక్సు కుక్కాను.

అత్తయ్యా, నా షూస్ ఏవి అన్నాడు. అవేగా అల్లుడు గారూ అన్నాను. ఇవి నావి కాదన్నాడు. తొడుక్కుని చూశాడు. ఇవి పెద్దవి అన్నాడు.

మూడేళ్లు రావాలి కదా అల్లుడు గారూ. ఎదుగుతారు, అన్నాను.

అతని మొహం పాలిపోయింది. ఎంత తెలిసిందో, ఎవరు చెప్పారో లెక్క వేసుకుంటున్నాడు. అనూ, అని పిలిచాడు. అనురాధ వంటగదిలోంచి వచ్చింది. గుమ్మం చూసింది. నా నడుం చూసింది. ఆ తాళం చెవి ఇవ్వమ్మా అంటుందనుకున్నాను. అనలేదు. మీటింగ్‌కి టైమవుతోంది హర్షా, అంది. లోపలికి వెళ్లిపోయింది.

కారు దాకా ఎలా నడిచాడో నేను కిటికీలోంచి చూశాను. బాతు నడక.

అదే రోజు, సాయంత్రం ఆరున్నర

కుంటుతూ వచ్చాడు. మడమ దగ్గర తోలు లేచింది. బూట్లు విప్పి గోడకేసి కొట్టాడు. ఏంటత్తయ్యా ఈ పిచ్చి పనులు, అందరి ముందూ మెట్ల మీద తూలిపోయాను, మా డైరెక్టర్ పట్టుకోకపోతే పడేవాణ్ని, నవ్వారు తెలుసా, నన్ను చూసి నవ్వారు, అని అరిచాడు.

ఈ మాట కోసమే పొద్దున్నుంచీ కూర్చున్నాను.

మీరంత స్పోర్టీ కాదు అల్లుడు గారూ. చెస్‌లో చేరండి, అన్నాను.

సోఫాలోంచి దియ పకపకా నవ్వింది. మూడు వారాల తర్వాత ఆ పిల్ల నవ్వు విన్నాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. గోడ కింద పడి ఉన్న బూట్లని చూసింది. అందులోంచి బయటికొచ్చిన సాక్సుని చూసింది. తన కట్టు చూసుకుంది. డాడీ, నా బూట్స్ పెద్దవి అడిగింది నువ్వేనా, అంది.

అతను బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

తాళం చెవి నా దగ్గరే ఉంది. ఇంట్లో ఎవరూ అడగలేదు.

మార్చి 13

ఉత్త కాళ్లతో తిరుగుతున్నాడు. ఆఫీస్‌కి వెళ్లలేదు. కొత్తవి కొనుక్కోవచ్చు కదా అంది నళిని. కొనుక్కోలేదు మరి.

మార్చి 15, శనివారం

చెప్పాడు.

నేల మీద కూర్చుని చెప్పాడు. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే, తెలుగులో, అన్నాను. పెద్దవి అడిగింది నేనే దియా. షాపతను వద్దన్నాడు, అమ్మమ్మ వద్దంది. అమ్మమ్మ అడిగిందని అబద్ధం చెప్పాను. నీకు రాక పడలేదు నాన్నా, నేను పడేశాను, అన్నాడు.

పిల్ల ఏడవలేదు. ఫోన్ తీసి వాళ్ల నాన్న చేతిలో పెట్టింది. రోహన్ అంకుల్‌కి చెప్పు, స్పీకర్‌లో పెట్టు, అంది. తర్వాత ఇంకో ముగ్గురు అంకుల్స్‌కి చెప్పించింది. నాకు తోచనే లేదు ఆ ఉపాయం.

నాలుగో ఫోన్ అయ్యాక నేను ఈ పుస్తకం తెరిచి నేల మీద పెట్టాను. నిలబడండి అల్లుడు గారూ అన్నాను. నిలబడ్డాడు. వంగి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీశాను. ఈసారి లేవమనలేదు. పాదం రెండు పేజీలు పట్టింది. గీత లోపల దియ తొమ్మిది అని అంకె వేసింది.

తాళం చెవి ఇచ్చేశాను. క్షమించలేదు.

గద్దల దీనమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
నళిని, రాసినది.
శ్యామ్‌సుందర్.
దియ.