మేరి చెప్పిన టెన్షన్

1968 డిసెంబర్ 8, ఆదివారం. బోధన్.

ప్రభువా, నీకు స్తోత్రం. ఈరోజు చర్చిలో స్త్రీల కూడికలో మా చిన్న చెల్లె మేరి నిలబడి మాట్లాడింది. పోయినేడు ఇదే కూడికలో నోరు పెగలక, ఏడ్చుకుంట కూసున్న పిల్ల.

పొద్దున జడ వేస్తుంటే "అక్కా, టెన్షన్ అయితున్నది" అన్నది. కాలేజీలో నేర్చిన మాట.

"గదేంది?" అన్న.

"గుంజి బిగించుడు అక్కా. లాటిన్ నుంచి వచ్చిందట. ముందు తాళ్లకు అన్నరు, తర్వాత మనసుకు."

"అయితే గదే చెప్పు మా ఆడోళ్లకు" అన్న.

చెప్పింది. చెరుకు బండికి తాడు కట్టి, కట్టె దూర్చి మెలేస్తం గదా, ఆ బిగువే టెన్షన్ అన్నది. "వదులైతే ఫ్యాక్టరీ చేరకముందే గడలు రోడ్డు మీద పడుతయి. నా గుండె గూడ ఇప్పుడు గట్లనే బిగిసింది. గందుకే నిలబడ్డ."

వెనుక నుంచి శాంతవ్వ, "మరీ మెలెయ్యకు బిడ్డా, తాడు తెగుతది" అన్నది. అందరు నవ్విండ్రు. మేరి గూడ నవ్వి, కీర్తన చదివి, చివరిదాకా చెప్పింది.

వచ్చే నెల నిజామాబాద్ పెద్ద కూడికలో మాట్లాడమంటున్నరు. అంత మందిలో ఎట్లనో... నీకే అప్పగించిన.

అమ్మ పోయినకాడి నుంచి మేరిని ఊరంత నా పేరుతోనే, రూతమ్మ చెల్లె అనే పిలుస్తరు. ఇవ్వాళ చర్చి మెట్ల మీద ఒక కొత్త కోడలు నన్ను ఆపి, "మీరు మేరమ్మ వాళ్ల అక్కనా?" అని అడిగింది.

"అవును బిడ్డా" అన్న.