అడిగినంతమట్టుకే

కొల్లేటి పెదలంక,
6–6–1934.

ప్రభువు కృపవల్ల తాడేపల్లిగూడెం బాలికల పాఠశాలలో పంతులమ్మగా ఉంటున్న మా చిరంజీవి రత్నమాణిక్యానికి మీ నాన్న మత్తయి దీవించి వ్రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నీ క్షేమం కోసం మీ అమ్మ పొద్దునా సాయంత్రమూ మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నది. మధ్యాహ్నం మాత్రం నన్ను తిడుతున్నది.

నువ్వు పంపిన ఇంటర్వ్యూల పుస్తకం, ఏలూరులో చేపలు దింపి వట్టిగా తిరిగివచ్చే పడవలో నాకు చేరింది. అట్ట కాస్త నీచువాసన వేస్తున్నది గాని అక్షరం చెడలేదు. నాకు ఇంగ్లీషు రాదు గనక ప్రతి అధ్యాయం పక్కనా తెలుగులో సారం వ్రాశావు. పశువులు కాసుకుంటూ, లేఖనం ఎదట పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. ఇప్పుడు కూతురి చేతివ్రాత చూసి ఉద్యోగం సంపాదించడం నేర్చుకుంటున్నాను.

మిషనువారి మీద నాకు కోపం లేదు. బోధకుల జీతాలు నా ఒక్కడికే ఆపలేదు. అమెరికాలోనే డబ్బు లేదట, ఇక పెదలంకకు ఎక్కడినుంచి వస్తుంది? ఇంతలో జిల్లా బోర్డు ఆరోగ్యశాఖవారు లంకల్లో తిరిగి కలరా సంగతి చెప్పడానికి ఒక ప్రచారకుణ్ణి వేసుకుంటారని నువ్వే కనిపెట్టావు. మ్యాజిక్ లాంతరుతో గోడ మీద బొమ్మలు చూపించి, నీళ్ళు కాచి తాగమని చెప్పడం ఆ పని. దరఖాస్తూ నువ్వే వ్రాశావు. పద్దెనిమిదో తేదీన ఏలూరు రమ్మని కబురు వచ్చింది.

ఈ పని నాకు దొరికితే నువ్వు గుంటూరు వెళ్ళి నర్సు చదువులో చేరతావు. దొరక్కపోతే నీ జీతంతో మేం తినాలి, నీ సీటు ఇంకొకరికి పోతుంది. నెలాఖరులోగా వాళ్ళకు జవాబు చెప్పాలన్నావు. ఈ మాట నేను మరవలేదని నీకు తెలియడానికే ఇక్కడ వ్రాస్తున్నాను.

ఇక నీ పుస్తకం సంగతి. శుభ్రంగా క్షౌరం చేయించుకుని ఉతికిన బట్టలతో వెళ్ళమన్నది మొదటి అధ్యాయం. ఈ ముక్క చెప్పడానికి మద్రాసులో అచ్చువేయాలటమ్మా? ఫరో పిలిపించినప్పుడు చెరసాలలోంచి బయటికొచ్చిన యోసేపు చేసిన మొదటి పని అదే. ముందు మంగలి, తర్వాత బట్టలు, ఆ తర్వాతే రాజు. పని ఇచ్చేవాడికి ఏది అవసరమో తెలుసుకుని పొమ్మన్నది రెండో అధ్యాయం. యోసేపు ఫరో కలకు అర్థం చెప్పి ఊరుకున్నాడా? ఒక తెలివైన మనిషిని చూసుకోండి అని సలహా కూడా ఇచ్చాడు. ఆ మనిషి నేనేనని అనలేదు. ఆ మాట ఫరో చేతనే అనిపించాడు. ఇంతకు మించిన ఇంటర్వ్యూ నీ పుస్తకంలో ఉంటే చూపించు.

కుర్చీ చూపిస్తేనే కూర్చోమని వ్రాశావు. చూపించకపోతే ఏం చేయాలో ఆ పుస్తకం వ్రాసినాయనకు తట్టినట్టు లేదు. ఆయనను ఎవరూ ఎప్పుడూ నిలబెట్టి ఉండరు.

గొంతు తగ్గించి, అడిగినంతమట్టుకే జవాబు చెప్పమన్న మాట కింద రెండు గీతలున్నాయి. అవి అచ్చులో ఉన్నవా, నువ్వు గీసినవా? మీ అమ్మకు చదివి వినిపిస్తే, ఈ పుస్తకం వ్రాసినాయన మనింట్లో గాని కొన్నాళ్ళున్నాడా అండీ అన్నది. అన్నదే గాక నాకు తర్ఫీదు మొదలుపెట్టింది. తను పీట మీద దొరలా కూర్చుని, నీ పేరేమిటి అని అడుగుతుంది. మత్తయి అంటే సుంకం వసూలుచేసుకునే చోటునుంచి ప్రభువు పిలవగానే లేచి వెళ్ళినవాడు అని నేను ఎత్తుకునేసరికి గరిటెతో గిన్నె మీద టంగుమని కొడుతుంది. పేరడిగితే ప్రసంగం చెబుతారేంటండీ అంటుంది. మా గిన్నెలకు సొట్టలు పడ్డాయి. నేను మాత్రం రోజురోజుకూ పొట్టివాణ్ణవుతున్నాను.

మీ నాన్న,
మత్తయి.


కొల్లేటి పెదలంక,
25–6–1934.

చిరంజీవి రత్నమాణిక్యానికి మీ నాన్న దీవెనలు. ఉద్యోగం వచ్చింది. ముందు ఈ ఒక్క మాట చదువుకుని, వస్తున్నానని గుంటూరువారికి ఉత్తరం వ్రాసి, టపాలో వేసి వచ్చి, అప్పుడు మిగతాది చదువు.

వేశావు గదా? ఇక విను.

కొల్లేరు అడుగంటింది. సగం దూరం పడవ మమ్మల్ని మోసింది, సగం దూరం మేం పడవను నెట్టాం. మోకాళ్ళదాకా ఒండ్రు. ఉతికిన బట్టలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని వెళ్ళి, ఏలూరు కాలవలో కాళ్ళు కడుక్కుని, క్షౌరం చేయించుకుని, అప్పుడు కట్టుకున్నాను. కచేరీ వసారాలో మాలాటివాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ నాకంటె చిన్నవాళ్ళు, అందరి చేతుల్లోనూ సర్టిఫికెట్లు. కాలేషా అనే బంట్రోతు వచ్చి నా పేరు పిలిచాడు. చిత్తం, ఇదిగో వచ్చితిని అన్నాను. నేను మామూలుగానే అన్నాను గాని పైకప్పులోంచి పావురాలు లేచిపోయాయి. కాలేషా చెవి రుద్దుకుంటూ, ఏవండీ, మీరింకా కొల్లేటి అవతలి ఒడ్డునే ఉన్నాననుకుంటున్నారా అన్నాడు.

లోపల ఇద్దరే ఉన్నారు. ఒకరు ఆరోగ్యశాఖ డాక్టరు సత్యనారాయణమూర్తిగారు. రెండోవారు బోర్డు మెంబరు వెంకట్రాజుగారు, మీ తాడేపల్లిగూడెం వైపు పెద్ద భూస్వామి. బల్లకు ఇవతల ఒక కుర్చీ ఖాళీగా ఉన్నది. దాన్ని ఎవరూ నాకు చూపించలేదు. డాక్టరుగారు తలవంచుకుని నా దరఖాస్తు చదువుకుంటున్నారు. నిలబడ్డాను. కొంతసేపటికి ఆయన తలెత్తి, అదేంటండీ నిలబడ్డారు, కూర్చోండి అన్నారు. ఆ మాట ఎవరితో అన్నారో అని వెనక్కి చూశాను. నా వెనక గోడే ఉన్నది. కూర్చున్నాను. వెంకట్రాజుగారు కిటికీలోంచి బయటికి చూశారు.

పేరు అడిగారు. మత్తయి అండీ అని ఆగిపోయాను. మీ అమ్మ గరిటె నాకు అక్కడికి వినబడింది. ఎంతవరకు చదువుకున్నారని అడిగారు. బైబిలు చివరి పేజీ వరకూ అండీ అన్నాను. డాక్టరుగారికి నవ్వు వచ్చింది. కలరా వచ్చిన ఊళ్ళోకి పోవడానికి భయం లేదా అన్నారు. ఉందండీ అన్నాను. మరి పోతారా అన్నారు. పోతానండీ అన్నాను. నన్ను చూసి నేనే ఆశ్చర్యపోయాననుకో.

అప్పుడు డాక్టరుగారు కాగితం పక్కన పెట్టి, మత్తయిగారూ, ఇలా ముక్తసరిగా మాట్లాడితే జనం బొమ్మలు చూసి పడుకుంటారు, మేమిద్దరం లంకవాళ్ళమనుకుని నీళ్ళెందుకు కాచుకోవాలో చెప్పండి చూద్దాం అన్నారు. దీనికి నీ పుస్తకంలో అధ్యాయం లేదు. లేచాను.

గేదె మన ఇంటిదే, పాలు మన చేత్తో పిండినవే, అయినా పొయ్యి మీద పెట్టకుండా పిల్లకు పడతామా అని మొదలుపెట్టాను. కొల్లేరు మనల్ని పెంచిన తల్లి, కాదన్నదెవరు? కాని ఆ తల్లి నెత్తిన ఎన్ని ఊళ్ళ మురికి పోస్తున్నామో తెలుసా అని అడిగాను. రేవులో పశువులు, గట్టున మనుషులు, మైలగుడ్డలు అన్నీ ఆమె ఒళ్ళోనే కదా అన్నాను. కాచుకున్నంత మాత్రాన తల్లిని తప్పుబట్టినట్టు కాదు, మన తప్పు మనం కడుక్కున్నట్టు అన్నాను. ఇంకా చాలా చెప్పాను. గుమస్తాలు గుమ్మంలోకి వచ్చారు. రోడ్డు మీద ఒక బండి ఆగింది. డాక్టరుగారి కలం కదలడం లేదు.

ఇక్కడే తప్పు చేశాను. ఇన్నేళ్ళుగా ఏ మాటైనా ఎలా ముగిస్తున్నానో నీకు తెలుసు. నా చేతులు వాటంతట అవే పైకి లేచాయి. కళ్ళు మూతపడ్డాయి. అందరమూ లేచి నిలబడి ప్రార్థన చేద్దాం అన్నాను.

కుర్చీలు జరిగిన చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి డాక్టరుగారు నిలబడి ఉన్నారు. కాలేషా గుమ్మం దగ్గర అరచేతులు పైకి చాపి దువాకు సిద్ధంగా ఉన్నాడు. వెంకట్రాజుగారు కుర్చీలోంచి సగం లేచి, లేచినట్టు అప్పుడే తెలుసుకుని, ధబ్బున కూర్చున్నారు. ఆయనకు నా మీద కోపం రావడానికి నా ప్రార్థన కారణం కాదు, ఆయన మోకాళ్ళే కారణం. ఇదేంటండీ డాక్టరుగారూ, బోర్డు సొమ్ముతో ఈయన నీళ్ళు కాయిస్తాడా, ఊళ్ళకు ఊళ్ళు మతంలో కలిపేసుకుంటాడా అని కేకలు వేశారు. నన్ను బయట కూర్చోమన్నారు. కాలేషా నాకు మంచినీళ్ళిచ్చి, కాచినవేనండీ, భయపడకండి అన్నాడు. లోపల డాక్టరుగారు ఆయనకు నచ్చజెప్పారు. మళ్ళీ పిలిచారు. ఉత్తర్వు ఇచ్చారు. వ్యవహారం అంతటితో సర్దుకున్నది.

జూలై మొదట్లో పనిలో చేరతాను. బోర్డువారి పడవ, లాంతరు, తెల్లగుడ్డ, పడవ నడపడానికి ఒక మనిషి. ఆదివారం ఆరాధన మన తాటాకుల గుడిలో ఎప్పటివేళకే జరుగుతుంది, ఆ దిగులు పెట్టుకోకు. మీ అమ్మ నీకోసం ఎండుచేపలు మూటకట్టింది. నర్సులుండే చోట ఆ వాసనేమిటే అంటే, రోగులకు నోరు ఊరితే సగం జబ్బు పోతుందండీ అంటున్నది.

పుస్తకం తిరిగి పంపుతున్నాను. నీలాటి ఇంకొకరికి పనికివస్తుంది. నీ వ్రాతలున్న పేజీలు వాళ్ళకు ఇంకా బాగా పనికివస్తాయి.

మీ నాన్న,
మత్తయి.

తా.క.: ఉత్తరం అంతా మీ అమ్మకు చదివి వినిపించాను. కన్నబిడ్డకు సగం వ్రాసి దీవెనలంటారేంటండీ అన్నది. అబద్ధం వ్రాయలేదు గాని విడిచిపెట్టింది ఉన్నది. పైగా ఈ పడవలవాళ్ళు ఊరుకోరు. మత్తయికి ఏదో జబ్బు చేసింది, నోరు విప్పడం లేదని మీ గూడెం సంతదాకా మోసుకువస్తారు. నువ్వు కంగారుపడి పరుగెత్తుకొస్తావు. అందుకని నా చేత్తోనే వ్రాస్తున్నాను.

వెంకట్రాజుగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఈ ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను ఎక్కడా బోధించకూడదు. పడవలోనే కాదు, సంతలో గాని, రైలు స్టేషను బయట గాని, ఆదివారం మన గుడిలో గాని. డాక్టరుగారికి అది ఇష్టం లేదు. వెంకట్రాజుగారి సంతకం లేకపోతే పని జరగదండీ, బాగా ఆలోచించుకుని చెప్పండి అన్నారు. ఆ బల్ల తిరగవెయ్యాలనిపించింది. దేవాలయంలో ప్రభువు బల్లలు పడదోశాడు గనక దానికీ లేఖనంలో ఆధారం ఉన్నది. కాని గుంటూరు గుర్తొచ్చింది. అలాగేనండీ అన్నాను.

నిన్న ఆదివారంనుంచే అలవాటు చేసుకుందామని గుడిలో వెనక వరసలో కూర్చున్నాను. సంఘపెద్ద పాపారావు వాక్యం చదివాడు. మాట విడిచి మాట మింగేశాడు. నేను పైపంచె కొస కొరుక్కుంటూ కూర్చున్నాను. మీ అమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ ముందుకు తిరిగింది.

దేవాలయంలో దేవదూత మాట నమ్మని జెకర్యా మూగవాడైపోవడం దేవుడు వేసిన శిక్ష అని ఇన్నేళ్ళూ బోధించాను. రాత్రి మళ్ళీ తీసి చదివాను. ఆయన నోరు కట్టుబడినది ఒక బిడ్డ ఈ లోకంలోకి రావడానికి పట్టినంతకాలమేనమ్మా. ఆ తర్వాత నాలుక సడలింది, ఊరంతా విన్నది. నీ చదువు అయ్యేవరకు నేనూ అంతే. ఇందుకోసం నువ్వు గుంటూరు మానుకుంటానంటే మాత్రం, అమ్మడూ, మీ నాన్న ఊరికే మూగవాడైపోయినట్టు.