మా ఆవిడ వరస సంఖ్య

వరసల కార్యాలయం వారికి,

రిటైరైన లెక్కల మాస్టారు నమస్కరించి రాసేది. మా ఆవిడ పేర మీ కార్డొచ్చింది: "మీ వరస సంఖ్య 73939133. వేచి ఉండండి." దేనికో రాయలేదు. ఆవిడ కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే, "నేనేం అడగలేదు, వాళ్లనే కనుక్కోండి" అంది. ఈలోగా చెయ్యి ఊరుకోక తొమ్మిది రోజులు కూర్చుని భాగించి చూశాను. ఒకటీ, తనూ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించేది ఏదీ లేదు. అచ్చమైన ప్రధాన సంఖ్య!

ఇట్లు,
మాస్టారు

తా.క.: ఆ తొమ్మిది రోజుల్లో ఆవిడ పదకొండు చొక్కాలు కుట్టింది. మా ఇద్దరిలో ఎవరు పనిచేశారో చెప్పక్కర్లేదంటోంది.

మాస్టారు గారికి,

వరస కదిలింది. చివరి అంకె తీసేశాం. ఇప్పుడు 7393913.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: భాగహారాలు జతచేయకండి. పోస్టుమాన్ మొయ్యలేక మమ్మల్ని తిడుతున్నాడు.

గుమాస్తా గారికి,

అదీ ప్రధాన సంఖ్యే! ఆగలేక చివరి అంకెలు ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాను. 739391, 73939, 7393, 739, 73, 7. అన్నీ అంతే! ఈ గుణమున్న సంఖ్యల్లో మీరిచ్చిందే అన్నిటికన్నా పెద్దది. ఏరి పంపిన చేతికి దండం.

మీ అభిమాని,
మాస్టారు

తా.క.: నిన్న ఆవిడ మా ఐదేళ్ల మనవరాలిని "ఎవరమ్మా నువ్వు?" అనడిగింది. ఎండకి కాబోలు.

మాస్టారు గారికి,

మీ సంబరం చూసి మాకూ హుషారొచ్చింది. ఒకేసారి మూడంకెలు తీశాం. ఇప్పుడు 7393.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: ఇంతగా సంతోషించిన కుటుంబాన్ని ఇదివరకు చూడలేదు.

అయ్యా,

ఆపండి! ఆవిడకి అరవై నాలుగేళ్లు. మీ సంఖ్యకి ఎనిమిది అంకెలు. ఒక్కో అంకెతో ఆవిడ జ్ఞాపకాల్లోంచి చివరి ఎనిమిదేళ్లు పోతున్నాయి. పొద్దున అద్దంలో చూసుకుని "ఈ ముసలావిడ ఎవరండీ?" అని నన్నే అడిగింది. నాకు భయంగా ఉంది. పెళ్లినాటికి ఆవిడకి ఇరవై రెండు. పోనీ 739 దాకా వెళ్లండి, ఇరవై నాలుగేళ్లయినా ఉంటాయి. 73 మాత్రం వద్దు. అందులో నేను లేను.

వేడుకుంటూ,
మాస్టారు

తా.క.: మీ సంఖ్యని మెచ్చుకున్నందుకు చెంపలేసుకుంటున్నాను.

మాస్టారు గారికి,

మధ్యలో ఆపే వీల్లేదు. అయినా 73 వద్దని మీరు కోరారు కనుక, దాన్ని దాటించేశాం. ఇప్పుడు 7.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: ఒంటి అంకెను తీసే నిబంధన లేదు. ఫైలు మూసేశాం.

ఆఫీసు వాళ్లకి,

నాకు ఎనిమిదేళ్లు. ఈ ఇంట్లో ఒక తాతగారున్నారు. "మీరెవరు?" అంటే కళ్లద్దాలు తుడుచుకున్నారు. నాకు జడ వేస్తానన్నారు గానీ పాపం, చేతకాలేదు. పోనీ లెక్కలు చెప్పమన్నాను. ఏడు బొత్తాలిచ్చి ఇద్దరికి పంచమన్నారు, తర్వాత ముగ్గురికి. రెండుసార్లూ ఒకటి మిగిలిపోయింది. అది ఆయన చేతిలోనే పెట్టాను. ఎందుకో ఏడ్చేశారు.

ఇట్లు,
నేను

తా.క.: ఇవాళ తాతగారి పేర కార్డొచ్చింది. బోలెడు పొడుగు సంఖ్య, నాకు చదవడం రాలేదు. ఆయనకి చూపించలేదు, పొయ్యిలో పడేశాను. మళ్లీ పంపారంటే మళ్లీ పడేస్తాను.